ఇరవై మూడో బ్లాక్

మా అమ్మకు కోపం వస్తే గొంతు లేవదు, మాటే ఆగిపోతుంది. ఆస్పత్రి నుంచి ఆ ఉత్తరం వచ్చిన రోజు పొద్దున పదింటి నుంచి మధ్యాహ్నం ఒంటిగంట దాకా ఆమె నోట ఒక్క ముక్క రాలేదు. కిటికీ పక్క కుర్చీలో కూర్చుని, కట్టు కట్టిన కుడిచేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో ఆ కాగితాన్ని మడతపెట్టడం, విప్పడం, మళ్లీ మడతపెట్టడం. అంతే.

"గుడ్డ కుక్కానట" అంది చివరికి.

నేను కాగితం అందుకుని చదివాను. "యంత్రంలో ఏ లోపమూ లేదని సరఫరాదారులు పరీక్షించి ధ్రువీకరించారు. మూత గడియలో గుడ్డ కుక్కి, డ్రమ్ము తిరుగుతుండగా మూత తెరిచినందువల్లనే ప్రమాదం జరిగినట్లు భావించడమైనది. పది రోజులలోగా తమ సంజాయిషీ సమర్పించగలరు."

అమ్మ ఆ ఆస్పత్రి లాండ్రీలో ఇరవై ఆరేళ్లుగా పనిచేస్తోంది. చివరి తొమ్మిదేళ్లూ అజమాయిషీ ఆమెదే. వార్డుల నుంచి ఎన్ని దుప్పట్లు, ఎన్ని దిండు గలీబులు, ఎన్ని ఆపరేషన్ గౌన్లు దిగాయో, ఉతికాక అన్నీ తిరిగి వెళ్లాయో లేదో ఒక్కటి తేడా రాకుండా చూసేది. అందుకే అక్కడ అందరూ ఆమెను లెక్కలక్క అంటారు.

ప్రమాదం జరిగింది బట్టల్లో నీళ్లు పిండే మిషన్ దగ్గర. బావిలాంటి పెద్ద డ్రమ్ము, పైన బరువైన మూత. ఆ మూత గడియ అరిగిపోయిందని అమ్మ రెండుసార్లు రాసి ఇచ్చింది. డ్రమ్ము జోరందుకుంటే ఆ అదురుకు గడియ జారి మూత పైకి లేచేది. ఇదేమీ కొత్త సంగతి కాదు. కాకపోతే పాత రోజుల్లో మూత లేచిందంటే మిషన్ చచ్చినట్టు ఆగేది. మూడు నెలల క్రితం మిషన్‌ను నడిపించే పాత పెట్టె పీకేసి, కొత్త కంప్యూటర్ బోర్డు బిగించారు. ఆ రోజు మూత లేచింది, మిషన్ మాత్రం ఆగలేదు. లోపలి తడిదుప్పటి అంచు బయటికి ఎగిరి అమ్మ మణికట్టుకు చుట్టుకుంది. పొడుగావిడ అని అమ్మ కింద పనిచేసే మనిషి, ఆమె పరుగెత్తి గోడమీది మెయిన్ స్విచ్ లాగకపోతే చెయ్యి భుజం దాకా పోయేది. రెండు చోట్ల ఎముక విరగడంతో బతికిపోయింది.

"సంజాయిషీలో ఏం రాస్తావమ్మా?" అన్నాను.

"రాయను. ముందు ఆ బోర్డులో ఏముందో చూపించమంటాను."

మర్నాడే వెళ్లింది. తోడుగా నేనూ వెళ్లాను. సూపరింటెండెంటు గదిలో బోర్డు కంపెనీ ఇంజనీరు కూడా ఉన్నాడు. ముప్ఫై ఏళ్లుంటాయి, చొక్కా జేబుకు గుర్తింపు కార్డు తగిలించుకుని ఉన్నాడు. అమ్మ అడిగింది విని ఆయన ముందు నవ్వాడు, తర్వాత తలూపాడు. రెండు రోజుల తర్వాత మేము మళ్లీ వెళ్తే ఇంత లావు కాగితాల కట్ట బల్లమీద పెట్టాడు. మూడు వందల పన్నెండు పేజీలు.

"ఫోల్డరులో ఉన్నదంతా ప్రింటు కొట్టించానమ్మా. మా దగ్గర దాపరికం ఏం లేదు. తీరిగ్గా చదువుకోండి" అన్నాడు.

పక్కన గుమాస్తా కిసుక్కుమన్నాడు. అమ్మ ఎవరి మొహమూ చూడలేదు. కట్టను ఎడమ చంకలో ఇరికించుకుని బయటికి నడిచింది. నేను పట్టుకుంటానన్నా ఇవ్వలేదు.

ఇక్కడ మా ఆయన సంగతి చెప్పాలి. ఆయన కంపైలర్లు తయారుచేసే కంపెనీలో పనిచేస్తారు. మనుషులు రాసిన ప్రోగ్రాంని చిప్‌కు అర్థమయ్యే భాషలోకి మార్చేది కంపైలర్. పెళ్లయి ఏడేళ్లయినా, అల్లుడు ఏం చేస్తాడని ఎవరైనా అడిగితే మా అమ్మ "ఏదో కంప్యూటరులో" అని ఊరుకునేది. ఆ "ఏదో" ఆయనకు గుచ్చుకునేదని నాకు తెలుసు. చెయ్యి విరిగాక అల్లుడి ఇంట్లో పడి ఉండాల్సి వచ్చిందని అమ్మకూ లోలోపల మంటగానే ఉండేది. ఇద్దరూ ఒకరినొకరు మీరు, గారు అనుకుంటూ, ఎదురుపడితే పక్కకు తప్పుకుంటూ రోజులు నెట్టుకొస్తున్నారు.

ఆదివారం పొద్దున, టిఫిను ప్లేట్లు తీయగానే అమ్మ ఆ కట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అల్లుడుగారూ, ఇది మీ పనేనట. ఏముందో చెప్తారా?"

ఆయన పేజీలు తిప్పారు. నాలుగైదు తిప్పేసరికి ఆయన కనుబొమలు పైకి లేచాయి.

"వీళ్లు మధ్యరూపం కూడా ఇచ్చేశారే! ఇది బయటివాళ్లకి ఎవరూ ఇవ్వరు అత్తయ్యగారూ. చూడకుండా మొత్తం ప్రింటు కొట్టినట్టున్నారు."

"మధ్యరూపం అంటే?"

"మనిషి రాసిందాన్ని కంపైలర్ నేరుగా చిప్‌కి ఇవ్వదు. ముందు తనకి వీలుగా ఇంకోలా రాసుకుంటుంది. దాని మీద దిద్దుబాట్లు చేస్తుంది. అన్నీ అయ్యాక చిప్ భాషలోకి మారుస్తుంది."

"చిత్తు కాగితం అన్నమాట."

"దాదాపు అంతే. ఇదిగో, ఇది దిద్దుబాట్లకి ముందు. ఇది దిద్దుబాట్ల తర్వాత."

అమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుంది. పేజీ నిండా పొట్టి పొట్టి లైన్లు. అక్కడక్కడా ఎడమ అంచున ఒక పేరు, ఒక అంకె, పక్కన రెండు చుక్కలు. అమ్మ ఆ అంచున వేలు పెట్టింది.

"ఇవేంటి?"

"లేబుళ్లు. ఒక్కో లేబుల్ కింద ఉన్న గుంపుని బ్లాక్ అంటాం, బేసిక్ బ్లాక్. దీని రూలు ఒక్కటే. లోపలికి రావాలంటే మొదటి లైనులోంచే రావాలి, మధ్యలో దూరడానికి లేదు. ఒకసారి వచ్చాక చివరి లైను దాకా వరసగా నడవాలి, మధ్యలో పక్కకి పోవడానికి లేదు. చివరి లైనులో మాత్రం ఇక్కడి నుంచి ఏ లేబుల్‌కి పోవాలో రాసి ఉంటుంది."

"ఒక్కచోటికేనా?"

"ఒక్కోసారి ఒకటే. ఒక్కోసారి రెండు. ఫలానాది నిజమైతే ఈ లేబుల్‌కి పో, కాకపోతే ఆ లేబుల్‌కి పో, అని."

అమ్మ వేలు ఆ చివరి లైనుకు జరిపింది. "అంటే మూత తెరుచుకుంటే ఇటు, మూసి ఉంటే అటు."

"అదే!" ఆయన మొహం వెలిగింది. ఏడేళ్లలో ఆయన పనిని అత్తగారు అర్థం చేసుకోవడం అదే మొదటిసారి మరి. ఇరవై మూడో బ్లాక్ తీసి చూపించారు. "ఇదిగో. మోటారు ఆపు, బ్రేకు వెయ్యి, ఎర్ర దీపం వెలిగించు. మీ మూత లేస్తే రావాల్సింది దీనికే. రాసి ఉంది చూడండి. వాళ్లు రాయకుండా వదిలెయ్యలేదు."

ఆయన ఏమన్నారో ఆయనకి తెలియలేదు. అమ్మ మొహం బిగుసుకుపోయింది.

"అంటే నేను అబద్ధం చెప్తున్నానా?"

"అలా అన్లేదు అత్తయ్యగారూ. ప్రోగ్రాంలో చెకింగ్ ఉంది అంటున్నాను. కంపైలర్ తనంతట తను తప్పు చెయ్యదు. గడియలో నిజంగానే ఏదైనా ఇరుక్కుని..."

"గుడ్డా?"

అమ్మ లేచి, కాగితాలు కట్టగట్టుకుని లోపలి గదిలోకి వెళ్లిపోయింది. తలుపు మాత్రం చప్పుడు కాకుండా వేసింది. ఆ మెత్తగా వేయడంలోనే ఉంది ఆవిడ కోపమంతా.

"నేనేమన్నాను ఇప్పుడు?" అన్నారు మా ఆయన నాతో.

"మా అమ్మ చెయ్యి విరిగితే మీ కంపైలర్ని వెనకేసుకొస్తున్నారు" అన్నాను. నాకూ ఒళ్లు మండిపోయింది. ఆ పూట మా ఇంట్లో ముగ్గురం మూడు మూలల్లో తిన్నాం.

మూడు రోజులు అమ్మ ఆ గదిలోంచి సరిగా బయటికి రాలేదు. నేను టీ తీసుకెళ్లినప్పుడల్లా మంచం మీద కాగితాలు పరిచి, ఎడమచేత్తో వంకర టింకరగా అంకెలు వేస్తూ కనిపించేది. లైన్లలో ఏముందో ఆమెకు తెలియదు. లేబుళ్లు మాత్రం చదవగలదు. ఒక నోటుబుక్కు పేజీకి మధ్యలో గీత గీసి, ఎడమవైపు దిద్దుబాట్లకి ముందున్న లేబుళ్లు, కుడివైపు తర్వాతవి, ఒక్కోటీ రాసుకుంటూ పోయింది. వార్డు నుంచి దిగిన బట్టలు ఒక వైపు, ఉతికి పంపినవి ఒక వైపు. ఇరవై ఆరేళ్లుగా చేస్తున్న పని అదే కదా.

బుధవారం పొద్దున మా ఆయన ఆఫీసుకు బయల్దేరుతుంటే గుమ్మం దగ్గర నిలబడింది.

"అల్లుడుగారూ. లోపలికి నలభై ఒకటి పోయాయి. బయటికి ముప్ఫై ఎనిమిదే వచ్చాయి. మూడు ఏమయ్యాయి?"

ఆయన నోటుబుక్కు చూశారు. బ్యాగు కింద పెట్టారు.

"మామూలేనండి. ఒక బ్లాక్ చివర సరాసరి ఇంకో బ్లాక్‌కే పోతూ, ఆ రెండోదానికి వేరే ఎక్కణ్ణుంచీ ఎవరూ రాకపోతే, రెండూ కలిపేస్తుంది. అప్పుడు ఒక లేబుల్ తగ్గుతుంది. లోపల పని ఎక్కడికీ పోదు."

"చూపించండి."

ఆయన గడియారం చూసుకుని, చెప్పులు విప్పి వచ్చి కూర్చున్నారు. పదిహేడో బ్లాక్ తీశారు. అందులోని లైన్లన్నీ కుడివైపు కట్టలో పదహారో బ్లాక్ చివర అతికించి ఉన్నాయి. అమ్మ వేలితో ఒక్కో లైనూ సరిచూసింది. ముప్ఫయ్యోది ఇరవై తొమ్మిదిలో కలిసింది. దాన్నీ సరిచూసింది.

"సరే. ఇవి రెండూ దొరికాయి. ఇరవై మూడు?"

ఆయన పేజీలు తిప్పారు. ఇరవై రెండు చూశారు, ఇరవై నాలుగు చూశారు. మళ్లీ మొదటికి వచ్చారు. బ్రేకు వేసే లైను కోసం చివరి దాకా వేలు పెట్టి వెతికారు. ఆఫీసు ఫోను మోగుతుంటే కట్ చేశారు.

"లేదు" అన్నారు.

"లేదంటే?"

"దేన్లోనూ కలవలేదు. తీసేసింది."

"ఎవరు?"

"కంపైలర్."

నేను వంటింటి గుమ్మంలో నిలబడిపోయాను. ఆయన మాట కూడదీసుకుని మెల్లగా చెప్పారు. మిషన్ మొదలయ్యే ముందు, పదకొండో బ్లాక్‌లో, ప్రోగ్రాం ఒకసారి మూత మూసి ఉందా అని చూస్తుంది. తర్వాత తిరుగుతున్నంతసేపూ మళ్లీ మళ్లీ చూడాలి, అలాగే రాశారు. కానీ ఆ రెండు చూపులకీ మధ్య, ప్రోగ్రాంలో ఏ లైనూ మూత సంగతి మార్చడం లేదు. కంపైలర్ అది గమనించింది. ఇందాకే మూసి ఉందన్నారు, తర్వాత ఎవరూ మార్చలేదు, అంటే ఇంకా మూసే ఉంటుంది, మళ్లీ అడగడం దండగ అనుకుంది. అడగడం మానేసింది. అడగడం మానేశాక ఇరవై మూడుకి పొమ్మనేవాళ్లు లేరు. రావడానికి దారే లేని బ్లాక్ ఎందుకని దాన్నీ తుడిచేసింది.

"లేబుల్ అంటే వట్టి పేరు అత్తయ్యగారూ. ఎవరో ఒకరు అక్కడికి పొమ్మంటేనే దానికి బతుకు."

అమ్మ వింటూ వింటూ లేచి నిలబడింది.

"ఎవరూ మార్చలేదా? మూత మీ ప్రోగ్రాంలో లేదు నాయనా, మిషన్ మీద ఉంది! అది లేస్తుంది! గాలికి లేస్తుంది, అదురుకి లేస్తుంది, పిల్లి తగిలితే లేస్తుంది! కాగితంలో ఎవరూ మార్చకపోతే లోకంలో మారదనుకుంటుందా అది? నువ్వు... ఇదేనా నువ్వు రోజూ పోయి చేసే పని?"

నువ్వు. ఏడేళ్లలో మొదటిసారి. అమ్మ కూడా విన్నది తన నోటి మాట, కానీ వెనక్కి తీసుకోలేదు.

మా ఆయన తల దించుకున్నారు. "బయటి నుంచి మారే సంగతి అయితే ప్రోగ్రాం రాసేవాడు ఒక మాట చేర్చాలి. ఇది నీకు తెలియకుండా మారుతుంది, ప్రతిసారీ అడుగు, అని. ఒక్క మాట. వీళ్లు రాయలేదు. తప్పు రాసినవాడిదే. కానీ..."

"కానీ?"

"దారిలేని బ్లాకుల్ని ఏరి తీసేసే భాగం, మా కంపెనీలో రాసింది నేనే. వీళ్లు వాడింది మాది కాదు. అయినా అదే పని. పోయినేడు దానికి నన్ను మెచ్చుకున్నారు కూడా."

అమ్మ ఏమంటుందోనని నేను చూస్తున్నాను. ఆమె ఆయన మాట వినడం లేదు. గోడవైపు చూస్తోంది.

"రెండో మిషన్" అంది.

"ఏంటమ్మా?"

"పిండే మిషన్లు రెండు. రెండోదానికీ అదే బోర్డు. నాది సీలు వేశారు, అది తిరుగుతూనే ఉంది. ఫోను కలుపు. పొడుగావిడకి."

కలిపాను. అమ్మ ఆపెయ్యమంది. అటు నుంచి పొడుగావిడ గొంతు నాకూ వినిపించింది. "ఎలా ఆపనక్కా? ఉన్నది ఒక్కటే మిషను. పది వార్డుల దుప్పట్లు పడి ఉన్నాయి. ఆపితే నా ఉద్యోగం పోతుందని పైనుంచి చెప్పారు."

"దాని గడియ?"

"అదీ కొంచెం ఊగుతోందక్కా ఈమధ్య."

మా ఆయన బండి తాళాలు తీశారు.

లాండ్రీ ఆస్పత్రి వెనక, నేలకు సగం కిందకు దిగి ఉంటుంది. మెట్లు దిగుతుంటేనే సబ్బు ఆవిరి మొహానికి కొట్టింది. రెండో మిషన్ హోరుమని తిరుగుతోంది, పక్కన ఇద్దరు ఆడవాళ్లు తడిబట్టల బండి తోస్తున్నారు. అమ్మ సరాసరి గోడ దగ్గరికి నడిచి ఎడమచేత్తో మెయిన్ స్విచ్ కిందకు లాగింది. ఆ హోరు మెల్లగా దిగి ఆగిపోయింది. అమ్మ ఆ స్విచ్‌కు వీపు ఆనించి నిలబడింది.

"ఇక్కణ్ణుంచి నన్ను ఎవరైనా పక్కకి జరపండి చూస్తాను."

పావుగంటలో సూపరింటెండెంటు దిగి వచ్చాడు. "మీ మీద విచారణ నడుస్తోందమ్మా. మీరిప్పుడు ఇక్కడికి రాకూడదు. ఇది రెండో తప్పు అవుతుంది."

"రాసుకోండి. ముందు ఆ ఇంజనీరుని పిలవండి. ఆయన వచ్చేదాకా ఇది తిరగదు."

పై వార్డుల నుంచి దుప్పట్లేవని ఫోన్ల మీద ఫోన్లు. ఆయనకు గత్యంతరం లేకపోయింది. గంటలోపు ఇంజనీరు వచ్చాడు. ఆడవాళ్లంతా గోడ వెంట నిలబడ్డారు. మా ఆయన మాట్లాడబోతే అమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"నేను చెప్తాను. చెయ్యి నాది."

అమ్మ మెయిన్ స్విచ్ మళ్లీ పైకి వేసింది. ఇంజనీరు విసుక్కుంటూనే మూత తెరిచి స్టార్టు బటన్ నొక్కాడు. మిషన్ కదల్లేదు. "చూశారా సార్? మూత తెరిచి ఉంటే స్టార్టే కాదు. ఇదే పరీక్ష మా దగ్గర ఇరవైసార్లు చేశాం."

"అది పదకొండో బ్లాక్" అంది అమ్మ. "అది పనిచేస్తుందని నాకూ తెలుసు. నేనడిగేది ఇరవై మూడు."

ఇంజనీరు ఆమెకేసి చూశాడు. ఈసారి నవ్వలేదు. "అమ్మా, ఇవి మీకు..."

"ఇరవై మూడుకి ఎక్కడి నుంచి వస్తారు? ఆ పేజీ తీసి చూపించండి, చాలు." కట్ట ఆయన చేతిలో పెట్టింది.

ఆయన గబగబా తిప్పి ఒకచోట వేలు పెట్టాడు. "ఇదిగో, లేబుల్ ఉంది కదా!"

"అది లోపలికి పోయిన మూట. బయటికొచ్చిన మూటలో చూపించండి."

ఆయన తిప్పాడు. తిప్పుతూనే ఉన్నాడు. చెవులు ఎర్రబడ్డాయి. "ఇది మధ్యరూపం సార్. చివరిది కాదు. దీన్నిబట్టి ఏం చెప్పలేం."

"నిజమే" అంది అమ్మ. "కాగితాన్ని నమ్మొద్దు. గడియ విప్పండి. తిరుగుతుండగా మూత ఎత్తి చూద్దాం. మీ చెయ్యి పెట్టక్కర్లేదు, కర్ర చాలు."

సూపరింటెండెంటు ఆస్పత్రి ఎలక్ట్రీషియన్‌కేసి తలూపాడు. అతను గడియ మరలు విప్పాడు. తడిదుప్పట్లు వేసి మూత మూసి స్టార్టు చేశారు. డ్రమ్ము జోరందుకుంది. పొడుగావిడ దూరంగా నిలబడి, నేల తుడిచే కర్ర కొనతో మూత పైకెత్తింది.

ఆగలేదు.

గాలికి నీటి తుంపరలు అందరి మొహాల మీదా పడ్డాయి. ఒక దుప్పటి అంచు డ్రమ్ము పైకి లేచి నాలుకలా ఊగుతూ గుండ్రంగా తిరిగింది. నా పక్కనున్న ఆమె అమ్మా అని కళ్లు మూసుకుంది.

"ఆపండి!" అన్నాడు సూపరింటెండెంటు.

ఎలక్ట్రీషియన్ స్విచ్ వైపు కదిలాడు. అమ్మ అక్కణ్ణుంచి జరగలేదు.

"ఎందుకు ఆపాలి? లోపం లేదన్నారుగా? మూత లేచింది, అదే ఆగుతుంది. ఆగమనండి. ఇంజనీరు గారూ, ఆగమని చెప్పండి దానికి!"

అప్పుడు లేచింది ఆమె గొంతు. నేను పుట్టాక అంత గట్టిగా అరవడం ఎప్పుడూ వినలేదు. మిషన్ హోరును మించిపోయింది. ఇంజనీరు గోడకు అంటుకుపోయాడు. మా ఆయన వెళ్లి, అమ్మ భుజం పక్కనుంచి చెయ్యి చాపి స్విచ్ లాగారు. డ్రమ్ము ఆగాక కూడా అమ్మ ఆ స్విచ్ దగ్గర్నుంచి కదల్లేదు.

నాలుగు రోజుల తర్వాత రెండో ఉత్తరం వచ్చింది. "సాంకేతిక కారణాల దృష్ట్యా యంత్రాలలోని ప్రోగ్రాము సవరించబడినది. తమపై మోపిన అభియోగము ఉపసంహరించడమైనది." అంతే. గుడ్డ మాట లేదు. తప్పు ఎవరిదో లేదు. క్షమించమన్న మాట అసలే లేదు.

అందినట్టు సంతకం పెట్టమని గుమాస్తా కాగితం జరిపితే అమ్మ పెట్టలేదు. మేడెక్కి సూపరింటెండెంటు గదికి వెళ్లింది.

"సవరించబడినది అంటే? ఎవరు సవరించారు? ఏం సవరించారు? తప్పు లేకపోతే సవరించడం ఎందుకు?"

"పోనివ్వండమ్మా. మీ మీద మచ్చ పోయింది కదా."

"మచ్చ వేసింది మీరు. తుడిచినందుకు నేను దణ్ణం పెట్టాలా? సరే, ఒక్కటి చెప్పండి. ఈ బోర్డు ఇంకా ఎన్నిచోట్ల బిగించారు?"

"అది ఆ కంపెనీ సొంత విషయం. మనకెందుకు?"

ఆ మాట అన్నందుకు ఆయన్ని అమ్మ ఇప్పటికీ క్షమించలేదు. ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు. కట్టు విప్పారు కానీ చెయ్యి పూర్తిగా చాచడం రావడం లేదు, ఇక రాదేమోనని డాక్టరు అన్నాడు. అది చెప్పినప్పుడు కూడా ఆమె ఇంతగా కదల్లేదు.

మా ఆయనకూ ఆ వారం ఆఫీసులో గొడవైంది. ఒక బ్లాక్‌ని తీసేసినప్పుడు రాసినవాడికి కనీసం ఒక హెచ్చరిక చూపిద్దామని అడిగారట. రోజూ వేల బ్లాకులు పోతుంటాయి, అన్నిటికీ హెచ్చరికలంటే ఎవడు చదువుతాడని పై అధికారి కొట్టిపారేశాడట. ఆ అధికారి అన్నమాట కూడా నిజమేనని, అదే తనకు మరీ కోపం తెప్పిస్తోందని, అన్నం కలుపుతూ కలుపుతూ ఆపి చెప్పారు. అమ్మ వింది.

"వేలల్లో ఏది బ్రేకో దానికి తెలియదు" అంది. "తెలిసినవాళ్లు చూసుకోవాలి. చూసుకోలేదు. ఆ ప్రోగ్రాం రాసిన పిల్లాడు ఆ ఒక్కమాట రాయలేదు, పైవాళ్లు మూత ఎత్తి చూడలేదు. ఇరవైసార్లు పరీక్ష చేశారట, ఇరవైసార్లూ పదకొండో బ్లాకే!"

"అత్తయ్యగారూ" అన్నారు ఆయన, "వాళ్ల వెబ్‌సైటులో జాబితా ఉంది. మా బోర్డులు వాడే సంస్థలు అని గొప్పగా పెట్టుకున్నారు. పద్నాలుగు."

అమ్మ కంచం పక్కకు నెట్టింది. "ఫోను నంబర్లు ఉన్నాయా?"

"వెతికి పెట్టాను."

మర్నాడు పొద్దున తొమ్మిదింటికి ఇద్దరూ బల్లకి చెరోవైపు కూర్చున్నారు. నేను పాఠాలు చెప్పడానికి బడికి వెళ్లే తొందరలో ఉన్నా గుమ్మం దాటలేకపోయాను. మొదటి నంబరు ఒక హోటల్. ఎవరో మేనేజరు ఎత్తాడు, విషయం సగంలో ఉండగానే పెట్టేశాడు. రెండోది ఇంకో ఆస్పత్రి. ఆఫీసు వాళ్లు ఉత్తరం రాయమన్నారు. అమ్మ మొహం కందిపోయింది.

"ఆఫీసులు వద్దు" అంది. "లాండ్రీకి ఇవ్వమనండి. మిషన్ పక్కన నిలబడేవాళ్లతో మాట్లాడతాను."

మూడోచోట మా ఆయన అలాగే అడిగారు. కాసేపు ఏదో పాట మోగింది. తర్వాత వెనకాల డ్రమ్ము హోరుతో ఒక ఆడగొంతు గట్టిగా, "ఎవరండీ? పనిలో ఉన్నాం!" అంది.

అమ్మ ఫోను లాక్కుంది.

"నేనూ లాండ్రీ మనిషినేనమ్మా. ఇరవై ఆరేళ్లు. ఎవరైనా పెట్టెయ్యమన్నా ఫోను పెట్టెయ్యకు. మీ దగ్గర పిండే మిషన్‌కి ఈమధ్య కొత్త బోర్డు బిగించారా? బిగించారా... సరే. అయితే మెయిన్ స్విచ్ దగ్గర ఒకళ్లని నిలబెట్టి, ఒక పొడుగాటి కర్ర తీసుకో."